నలభై రోజుల బండి

దుబాయ్‌లో ఆరేళ్లుగా నా బతుకు బండి మీదే సాగుతోంది. వెనక పెట్టె బిగించిన 150 సీసీ గేరు బండి మీద కరామా, దేరా వీధుల్లో భోజనాలు అందిస్తుంటాను. అలాంటివాడికి విజయవాడలో గేరు బండా, స్కూటరా అని తేల్చుకుని ఇంటికి ఒక బండి కొనడానికి పది రోజులు పట్టింది. ఉన్నదే నలభై రోజుల సెలవు.

పాతది నాన్న బండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు వాకిట్లోనే మునిగిపోయింది. మా ఆవిడ మేడ మీద నుంచి ఫోనులో చూపిస్తే, మట్టినీళ్లలో ఒక అద్దం, హ్యాండిల్ కొస మాత్రమే కనిపించాయి. నీళ్లు తీశాక మెకానిక్ షెడ్ల ముందు బండ్లు బారులు తీరాయట. మా బండి ఇంజను విప్పి కడిగారు, ఆయిలు మార్చారు. అయినా పొద్దున పూట పది కిక్కులకు గానీ అందుకునేది కాదు. నాన్న మోకాళ్లు ఆ కిక్కులకు ఒప్పుకోలేదు.

వరద చూసిన ఊరు కనుక, స్కూటరు నీళ్లకు ఆగదని మా వీధిలో ప్రతివాడూ చెప్పేవాడే. వాన నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఆ మాటలో కొంత నిజముంది. స్కూటరు చక్రాన్ని తిప్పే బెల్టు మీదికి నీళ్లు చేరితే అది జారుతుంది, బండి ముందుకు లాగదు. ఛాతీ లోతులో మాత్రం గేరు బండి, స్కూటరు అన్న తేడా ఉండదు. రెండూ షెడ్డుకే వెళ్తాయి.

నేను వచ్చింది 2025 సెప్టెంబరు 22న. ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రులు మొదలైన రోజే 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. షోరూముల్లో కొండ మీద ఉన్నంత రద్దీ. మా బావమరిది వెంట వచ్చి, ట్యాంకు మీద ఎర్ర గీతలున్న ఒక గేరు బండి ముందు నిలబడ్డాడు. “దుబాయ్ నుంచి వచ్చి స్కూటీ కొంటావా బావా? వీధిలో ఏమనుకుంటారు?” అన్నాడు. వీధి సంగతి ఎలా ఉన్నా, నా మనసూ గేరు బండి వైపే మొగ్గింది. చేతికి అలవాటైన పనిముట్టు మీద ఉండే మమకారం అది.

బావమరిది బలమైన వాదన మైలేజీ. రాత్రి కూర్చుని లెక్క వేశాను. మా ఆవిడ జాకెట్లు కుడుతుంది. లైనింగు గుడ్డ కోసం వన్‌టౌన్‌లోని వస్త్రలతకు వెళ్తుంది. అదీ, రైతు బజారూ, నాన్న మందులూ, అన్నీ కలిపినా రోజుకు సగటున ఎనిమిది కిలోమీటర్లు దాటదు. నెలకు 240. స్కూటరు లీటరుకు 45 ఇస్తే అయిదు లీటర్ల పైచిలుకు, గేరు బండి 60 ఇస్తే నాలుగు లీటర్లు. పెట్రోలు అప్పట్లో లీటరు నూట తొమ్మిది చిల్లర ఉన్న మా ఊళ్లో కూడా తేడా నెలకు నూటయాభై లోపే. నేను రోజంతా తిరిగేవాణ్ణి కాబట్టి నాకు మైలేజీ తిండితో సమానం. ఇంట్లో అది రెండు జాకెట్ల కుట్టుకూలి కూడా కాదు.

మర్నాడు మా ఆవిడను వెనక ఎక్కించుకుని స్కూటరు నడిపి చూశాను. ఏలూరు రోడ్డు మీద ఆటో అడ్డం వచ్చింది. నా ఎడమ చెయ్యి క్లచ్ అనుకుని లివరు నొక్కేసింది. స్కూటరులో అది బ్రేకు. పైగా దానికి కంబైన్డ్ బ్రేకు ఉండటంతో ఒక్క లివరుకే రెండు చక్రాలూ పట్టేశాయి. ఆవిడ హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కు కొట్టుకుంది. “ఏమండీ, మీరు నిజంగా అక్కడ చేసేది ఈ పనేనా?” అంది. కుడి కాలు కూడా స్కూటరులో లేని బ్రేకు కోసం కింద వెతుకుతూనే ఉంది. దుబాయ్‌లో రోడ్డుకు కుడి పక్క నడుపుతాం కనుక, మలుపు తిరిగిన ప్రతిసారీ ఏ పక్కకు చేరాలో ఒక్క క్షణం ఆలోచించుకోవాల్సి వచ్చింది. ఇలా కాళ్లూ చేతులూ రెండు దేశాల మధ్య తన్నుకుంటుంటే బేరం చేసే ధైర్యం ఎక్కడిది?

నన్ను ఒప్పించింది స్కూటరులో కాళ్లు పెట్టుకునే పలక. వస్త్రలత నుంచి రెండు గుడ్డ మూటలు దాని మీదే వచ్చాయి. సాయంత్రం ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను, మర్నాడు పాతిక కిలోల బియ్యం బస్తా. గేరు బండి మీదైతే వీటికి తాడు కావాలి, లేదంటే వెనక కూర్చుని పట్టుకునే మనిషి కావాలి. ఆ మనిషిని నేనే, నేనేమో ఉండను. ఇక బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర గేరు బండి ఇంజను సెగ పిక్కలకు ఎలా తగులుతుందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. దుబాయ్ వేసవిలో ఆ సెగ ప్యాంటు దాటి వస్తుంది. అక్కడ రైడర్ల కోసం ఏసీ విశ్రాంతి గదులు కట్టారు. ఇక్కడ మా ఆవిడకు ఏ గదీ లేదు, చీర కొంగే దిక్కు.

స్కూటరుకు లోపాలు లేవని కాదు. చక్రాలు చిన్నవి, గుంతలో పడితే నడుము దాకా తెలుస్తుంది. అందుకని ముందు చక్రం పన్నెండు అంగుళాలున్న దాన్నే తీసుకున్నాం. నాన్న రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, మూడో రోజు తాళం అడిగాడు. “గేర్లు లేని బండి ఆడవాళ్లది రా” అన్న మనిషి ఆ పూట మందులు తానే తెచ్చుకున్నాడు.

బావమరిది మాత్రం ఇంకా నన్ను క్షమించలేదు.

నేను తిరిగి దుబాయ్ వచ్చిన వారానికి మా ఆవిడ ఫోను చేసింది. మొదటి సర్వీసుకు ఇచ్చిందట. ఎడమ బ్రేకు బాగా వదులైపోయిందట. “కొత్త బండి కదమ్మా, ఇన్నాళ్లూ దీన్ని నడిపింది ఎవరు?” అని మెకానిక్ అడిగాడట.

“ఏమని చెప్పావు?” అన్నాను.

“దుబాయ్‌లో పెద్ద డ్రైవరు అని చెప్పాను” అంది.