ఇంటిపేరు తోకలోనే ఊరు

బుధవారం, రాత్రి

పొద్దుటి నుంచీ ఇటలీ ఇంటిపేర్ల కాగితాలతోనే సరిపోయింది. నిఘంటువు తెరిచి అర్థం రాసేసుకోవడం తేలికే. అర్థం కన్నా ముందు చూడాల్సింది పేరు చివరి అక్షరం.

ఆ దేశంలో అందరికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు రోస్సి. ఎరుపు అని అర్థం, ఎర్రజుట్టో ఎర్రగడ్డమో ఉన్న పూర్వీకుడి మీద పడ్డ పేరు. దక్షిణాన నేపుల్స్ వైపు వెళితే అదే రుస్సో. ఉత్తర, మధ్య ప్రాంతాల్లో ఇంటిపేరు ఎక్కువగా ‘ఇ’తో ముగుస్తుంది, ‘ఫలానావాళ్ళు’ అన్నట్టు. దక్షిణాదిన ‘ఓ’ అలాగే మిగిలిపోయింది. కమ్మరినే తీసుకోండి: ఉత్తరాదిన ఎమీలియాలో ఫెర్రారి, పీడ్‌మాంట్‌లో ఫెర్రేరో, దక్షిణాన ఫెర్రారో, టస్కనీలో ఫాబ్రి. కార్లవాళ్ళూ చాక్లెట్లవాళ్ళూ పేరు ప్రకారం కమ్మరులేనన్నమాట! వెనీస్ చుట్టుపక్కల పేరు పొల్లుతో ఆగిపోతుంది: బెనెత్తోన్, త్రెవిజాన్. ‘స్’తోనో ‘ఉ’తోనో ముగిసే పీరాస్, పోర్కు లాంటివి సార్డీనియా ద్వీపానివి.

తండ్రి పేరు నుంచి వచ్చినవి తికమక పెడతాయి. ఇటాలియన్లు ముద్దుపేరుకు చాలాసార్లు తల నరికి తోక ఉంచుతారు. జొవాన్ని కాస్తా వాన్ని, నాన్ని అవుతాడు. దొమేనికో మేనికో అవుతాడు, ఆ ఇంటివాళ్ళు మెనికెల్లి. కాబట్టి ముందు ఇని, ఎత్తి, ఎల్లి, ఉచ్చి లాంటి తోకలు ఊడదీయాలి, ఆ తర్వాత తెగిన తలను అతికించి చూడాలి. ఈ రెండో పని మరిచినవాళ్ళే లేని అర్థాలు పుట్టిస్తారు.

గొప్పలు చెప్పుకునేవాళ్ళతో ఇంకో తంటా. కోంతి అంటే జమీందారు లాంటి బిరుదే. అయితే ఆ ఇంటిపేరు చాలాసార్లు దొరగారి కొలువులో ఉన్నవాళ్ళకో, దొరలా పోజు కొట్టినవాడికో పడింది. ఎస్పోజితో కథ వేరు, అనాథ శిశువులకు పెట్టిన పేరది. నేపుల్స్‌లోని అనున్సియాతా ఆసుపత్రి గోడలో గుండ్రంగా తిరిగే చెక్కపెట్టె ఉండేది. బయట బిడ్డను అందులో పెట్టి తిప్పితే లోపలివాళ్ళు తీసుకునేవారు, పెట్టినదెవరో కనబడదు. 1875లో దాన్ని మూసేశారు. మిలాన్‌లో అలాంటి పిల్లలకు ఆసుపత్రి చిహ్నమైన పావురం మీద కొలొంబో అని పెట్టేవారు. అలాగని ప్రతి కొలొంబోనూ అనాథల వారసుణ్ణి చేసేయకూడదు, ఇటాలియన్‌లో కొలొంబోనే అయిన క్రిస్టఫర్ కొలంబస్‌ది జెనోవాలో నేతపనివాళ్ళ ఇల్లు.

సొంతపేర్ల చివర ‘ఆ’ చూసి ఆడపిల్ల అనుకోవద్దు. ఆంద్రేయా, లూకా, నికోలా మగవాళ్ళు. అమ్మాయికి ఆంద్రేయా పెట్టుకోవచ్చని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2012లో గానీ ఒప్పుకోలేదు.

మనలాగే వాళ్ళకూ తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఉంది, దక్షిణాన మరీ గట్టిగా. బతికున్న తండ్రి పేరే కొడుక్కి పెట్టడానికి మాత్రం ఇప్పటి చట్టం ఒప్పుకోదు. తాత పేరు వల్ల ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో నలుగురైదుగురు అన్నదమ్ముల పిల్లలు ఒకే ఆంతోనియోలుగా తేలతారు. పాత దస్తావేజుల్లో వీళ్ళను విడదీసేది తండ్రి పేరు, దాని ముందున్న చిన్న మాట. ‘ది జుసెప్పె’ అని ఉంటే తండ్రి బతికున్నాడు, ‘ఫు జుసెప్పె’ అని ఉంటే అప్పటికే పోయాడు. 1871 కాగితంలో ‘ది’, 1874 కాగితంలో ‘ఫు’ కనిపిస్తే తండ్రి మరణ నమోదు కోసం 1871 నుంచి 1874 దాకా ఉన్న పుస్తకాలు తిరగేస్తే చాలు.