రోటో పనిలో ఏఐ

వీఎఫ్‌ఎక్స్‌లో (విజువల్ ఎఫెక్ట్స్) కొత్తగా చేరినవాళ్ల చేతికి ముందుగా వచ్చేది ఎక్కువగా రోటో పనే, అంటే షాట్‌లో మనిషినో వస్తువునో వెనకున్న దాన్నుంచి విడదీయడం. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు, అంటే 10 సెకన్ల షాట్‌కి 240, వాటన్నిట్లో హీరో చుట్టూ గీత గీసి అతను కదిలినప్పుడల్లా దాన్ని సరిచేస్తూ పోవాలి. మెడలు పట్టేస్తాయి, కళ్లు లాగేస్తాయి.

వీఎఫ్‌ఎక్స్‌లో వాడే న్యూక్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2021 నుంచి కాపీక్యాట్ అనే ఏఐ నోడ్ (టూల్) ఉంది. కొన్ని ఫ్రేములకి మాత్రం మ్యాట్ (మనిషి ఆకారాన్ని వేరుచేసి చూపే నలుపు తెలుపు బొమ్మ) మనం శుభ్రంగా చేసిస్తే, అది చూసి నేర్చుకుని మిగతావాటికి తనే చేసిపెడుతుంది. ఆ ఫ్రేములు ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా. మనిషి పక్కకి తిరిగింది, చెయ్యి అడ్డొచ్చింది, వెలుతురు మారింది, ఇవన్నీ ఇవ్వకపోతే సరిగ్గా అక్కడే తడబడుతుంది.

గాలికి ఎగిరే జుట్టు, వేగంగా ఊపిన చేతి మసక అంచు దగ్గర ఇంకా మన చెయ్యి పడాల్సిందే. ఒక్కో ఫ్రేము ఆపి చూస్తే బాగానే ఉంటుంది, ప్లే చేస్తే అంచులు వణుకుతుంటాయి. అందుకే ప్లే చేసి చూడకుండా ఓకే చేయొద్దని జూనియర్లకి చెబుతుంటాను.

వాళ్ల గురించే నా టెన్షన్ కూడా. హైదరాబాద్‌లో చాలామంది రోటోతో మొదలుపెట్టే కంపోజిటర్లు (విడివిడి బొమ్మల్ని కలిపి ఒకే షాట్‌గా చేసేవాళ్లు) అయ్యారు. ఇప్పుడు ఆ రోటో చాలావరకు ఏఐ చేస్తే మిగిలే టైములో స్టూడియోలు జూనియర్లకి కీయింగ్ (గ్రీన్ స్క్రీన్‌ని తీసేయడం), కంపోజిటింగ్ నేర్పించాలి, అదీ పని గంటల్లోనే.