ప్రిఫిక్స్‌లు బట్టీ పట్టే ముందు ఉపసర్గలు గుర్తు చేసుకోండి

తెలుగు మీడియంలో చదివి, బీఎస్సీయో బీఫార్మసీయో పూర్తిచేసి, మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డుల్లోని జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని) వైపు వచ్చి, ఆ కోడర్ల సర్టిఫికేషన్ పరీక్ష సీపీసీకి ప్రిపేరవుతున్న ఫ్రెండ్స్ కోసం ఇది రాస్తున్నాను. అనాటమీతో మనకు పెద్దగా ఇబ్బంది ఉండదు, చాలావరకు బైపీసీలో చదివిందే. టెర్మినాలజీ, అంటే వైద్య పదాల దగ్గరే చాలామంది ఆగిపోతారు. అమీర్‌పేటలో ఏ కోచింగ్‌లో చేరినా మొదటి వారంలో ఒక జిరాక్స్ లిస్టు చేతికొస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల వరుసలో, మాట ముందు చేరే ముక్కలు, అంటే ప్రిఫిక్స్‌లు, పక్కన అర్థాలు. దాన్ని పైనుంచి కిందికి బట్టీ పట్టడం మొదలుపెడతాం.

నా సలహా ఏమిటంటే, ఆ వరుసలో మాత్రం చదవకండి. అక్షరక్రమం వెతుక్కోవడానికి బాగుంటుంది గానీ గుర్తుపెట్టుకోవడానికి పనికిరాదు. పైగా ఒకదానితో ఒకటి కలగలిసిపోయే జంటలన్నీ అందులో పక్కపక్కనే వస్తాయి. ‘అబ్’, ‘అడ్’, ‘హైపర్’, ‘హైపో’, ‘ఇంటర్’, ‘ఇంట్రా’, ‘యాంటీ’ అని పలికే రెండూ. నాలుగు రోజులు పోయాక ఏది ఏదో తేలదు.

‘ఓపెన్ బుక్ పరీక్షే కదా, సీపీటీ (చికిత్సల కోడ్‌ల) పుస్తకంలోనే ప్రిఫిక్స్‌ల పట్టిక ఉంటుంది, చూసుకుంటే సరిపోతుంది’ అనేవాళ్లూ ఉన్నారు. పరీక్షలో 100 ప్రశ్నలు, 4 గంటలు, పాసవడానికి 70 శాతం. ఒక్కో ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా రావు. ఆ టైమ్ కోడ్ వెతకడానికే చాలదు, ఇంక మాటకు అర్థం ఎప్పుడు వెతుకుతాం? పైగా ప్రిఫిక్స్ అవసరం టెర్మినాలజీ ప్రశ్నలతో అయిపోదు. సర్జరీ ప్రశ్నల్లో నాలుగు ఆప్షన్లలో రెండింటికి తేడా ఆ ముందు ముక్కలోనే ఉంటుంది. కంటి శుక్లాల ఆపరేషన్ చూడండి. లెన్స్‌ను దాని సంచితో సహా తీసేసి కృత్రిమ లెన్స్ పెడితే ఇంట్రాక్యాప్సులర్, 66983. సంచిని వదిలి లోపలి లెన్స్ తీసి పెడితే ఎక్స్‌ట్రాక్యాప్సులర్, 66984. మిగతా వాక్యం ఇంచుమించు ఒకటే.

ఇప్పుడు అసలు విషయం. ఇంటర్‌లో మార్కులొస్తాయని సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకున్నవాళ్లు మనలో సగం మందైనా ఉంటారు. ఆ సంస్కృతం మార్కుల మెమోతో అయిపోయిందనుకుంటాం గానీ, ఇక్కడ ఉపయోగపడుతుంది. తెలుగు తీసుకున్నా ఇబ్బందేం లేదు. ఈ ఉపసర్గలు మనం రోజూ వాడే మాటల్లోనే ఉన్నాయి. మెడికల్ పదాలు ఎక్కువగా గ్రీకు, లాటిన్ నుంచి వచ్చాయి. ఆ రెండూ సంస్కృతమూ ఒకే భాషా కుటుంబం కాబట్టి, సంస్కృతం నుంచి మన దగ్గరకు వచ్చిన ఉపసర్గలకు అక్కడ చుట్టాలున్నాయి.

‘పెరి’ అంటే చుట్టూ. మనకు ‘పరి’: పరిసరాలు, పరిధి. పెరికార్డైటిస్ అంటే గుండె చుట్టూ ఉండే పొరకు వాపు. ‘డిస్’ మన ‘దుర్’కు చుట్టం. దుర్దశ తెలిసినవాడికి డిస్యూరియా (మూత్రం పోసేటప్పుడు నొప్పి), డిస్ఫేజియా (మింగడంలో ఇబ్బంది) పట్టుబడతాయి. దానికి ఎదురు ‘యు’, మన ‘సు’. యూథైరాయిడ్ అంటే థైరాయిడ్ బాగానే పనిచేస్తోందని. ‘హైపర్’కు ‘ఉపరి’, ఉపరితలంలో ఉన్నదే. ‘హైపో’కు ‘ఉప’, ముఖ్యమంత్రి కింద ఉపముఖ్యమంత్రి ఉన్నట్టు.

అన్నిటికంటే నాకు నచ్చింది ‘ఎ’, ‘అన్’ల సంగతి. లేకపోవడం చెప్పాలంటే హల్లు ముందు ‘ఎ’, అచ్చు ముందు ‘అన్’ వస్తాయి: ఎప్నియా (ఊపిరి ఆగడం), అన్యూరియా (మూత్రం రాకపోవడం). మనం అశాంతి అంటాం, కానీ ఆరోగ్యం ముందుకొచ్చేసరికి అనారోగ్యం అంటాం. రూల్ అదే, కొత్తగా నేర్చుకునేదేం లేదు. అనీమియా దగ్గర మాత్రం అక్షరార్థం పట్టుకుని రక్తమే లేదనుకోకండి, తక్కువుందని అర్థం.

‘అబ్’ మన ‘అప’. అపహరణ అంటే ఎత్తుకుపోవడం. చేతిని ఒంటికి దూరంగా తీసుకెళ్తే అబ్‌డక్షన్, దగ్గరకు తెస్తే అడ్‌డక్షన్. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయని డిక్టేషన్‌లో చాలామంది డాక్టర్లు ‘ఏ-బీ-డక్షన్’ అని విడగొట్టి చెబుతారు.

ఈ పద్ధతి ఒకచోట మాత్రం మోసం చేస్తుంది. తెలుగులో ‘అంతర్’ రెండు పనులు చేస్తుంది. అంతర్జాతీయం అంటే దేశాల మధ్య, అంతర్గతం అంటే లోపల. మెడికల్ పదాల్లో వీటికి వేరువేరు ప్రిఫిక్స్‌లు: మధ్య అయితే ‘ఇంటర్’, లోపలైతే ‘ఇంట్రా’. ఇంటర్‌కాస్టల్ అంటే పక్కటెముకల మధ్య, ఇంట్రామస్క్యులర్ అంటే కండ లోపల. అందుకే ఈ జంటకు తెలుగు చుట్టాన్ని పక్కనపెట్టి, శరీరంలో ఆ చోటు ఎక్కడుందో బొమ్మ చూసి గుర్తుపెట్టుకోండి. తొడ ఎముక పైభాగంలో రెండు ట్రొకాంటర్లు (ఎముక బొడిపెలు) ఉంటాయి. వాటి మధ్య విరిగితే ఇంటర్‌ట్రొకాంటరిక్, వాటి కింద విరిగితే సబ్‌ట్రొకాంటరిక్. కోడ్ మారిపోతుంది. తలకు దెబ్బ తగిలి రక్తస్రావమైనప్పుడూ అంతే. మెదడును కప్పి ఉండే డ్యూరా పొర పైన అయితే ఎపిడ్యూరల్, కింద అయితే సబ్‌డ్యూరల్. ఒక కాగితం మీద పుర్రె, దాని కింద డ్యూరా, దాని కింద మెదడు గీసి పేర్లు రాసుకుంటే పేజీ నోట్స్‌తో సమానం.

ఇంకో మంచి దారి, రూట్ (మాటలో అసలు అర్థం ఇచ్చే ముక్క) ఒకటే ఉంచి ముందు ముక్క మార్చడం. మూత్రాన్ని చెప్పే ‘యూరియా’ (-uria, ఎరువు కాదు) పట్టుకోండి: పాలీయూరియా అయితే ఎక్కువ, ఒలిగ్యూరియా అయితే తక్కువ, అన్యూరియా అయితే అసలు లేదు. థైరాయిడ్ కూడా అంతే. మన ఇళ్లలో ‘నాకు థైరాయిడ్ ఉంది’ అంటారు. హైపోనా హైపరా అని అడిగితే ‘ఏమో, రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటున్నా’ అంటారు. కోడర్‌కు అది చాలదు, హైపో (తక్కువ పనిచేయడం) కోడ్ ఈ03లో ఉంటుంది, హైపర్ (ఎక్కువ పనిచేయడం) ఈ05లో.

ప్రెగ్నెన్సీ చాప్టర్‌లో ప్రిఫిక్స్ చోటును వదిలి కాలాన్ని చెబుతుంది. యాంటీపార్టమ్ అంటే ప్రసవానికి ముందు. స్పెల్లింగ్‌లో ఆ ముందు ముక్క చివర ‘ఈ’ ఉందా ‘ఐ’ ఉందా చూడండి, ‘ఈ’ అయితే ముందు, ‘ఐ’ అయితే వ్యతిరేకం, యాంటీబయాటిక్‌లో లాగా. పోస్ట్‌పార్టమ్ అంటే ప్రసవమైనప్పటి నుంచి ఆరు వారాలు. పెరిపార్టమ్ అంటే గర్భం చివరి నెల నుంచి ప్రసవం తర్వాత ఐదు నెలల దాకా. పెరినాటల్ బిడ్డ వైపు లెక్క: పుట్టకముందు నుంచి పుట్టాక 28వ రోజు వరకు. ఇవి ఐసీడీ-10-సీఎం (జబ్బుల కోడ్‌ల పుస్తకం) గైడ్‌లైన్స్‌లో ఉన్న హద్దులు. ‘చుట్టూ’ అనే అర్థం నుంచి ఈ అంకెలు రావు, విడిగా చదవాల్సిందే.

కొన్నిటికి ఏ చిట్కా పనిచేయదు. ‘పారా’ అంటే పక్కన, పారాథైరాయిడ్‌కు సరిపోతుంది. పారాప్లీజియా అంటే రెండు కాళ్లూ చచ్చుబడటం, అక్కడ ‘పక్కన’ అనుకుంటే ఎటూ తేలదు. హెమిప్లీజియా (ఒక పక్క), క్వాడ్రిప్లీజియా (నాలుగూ) పక్కన పెట్టి చదివితే నిలుస్తుంది. ఇంకొకటి, ముందున్న ప్రతి ముక్కా ప్రిఫిక్స్ కాదు. మయోకార్డైటిస్‌లో ‘మయో’ కండరం, అది రూటే. గ్యాస్ట్రైటిస్‌లో ప్రిఫిక్సే లేదు.

కలగలిసే జంటలను మీ పుస్తకంలో ఆ పట్టిక ఉన్న పేజీ అంచున చేత్తో రాసుకోండి, ఒక్కో జంట పక్కన మీకు తట్టిన తెలుగు మాటతో సహా. విడి కాగితాలు అంటించకండి, పరీక్షలో ఒప్పుకోరు. నోట్స్ విషయంలో ఏది రాయొచ్చో ఏది రాయకూడదో స్లాట్ బుక్ చేసేటప్పుడే ఆ ఏడాది రూల్స్‌లో ఒకసారి చూసుకోండి.