తరవాణి తాగి ఎక్కిన కొండ

నిన్న మంగళవారం మా బరంపురం దగ్గరున్న తారాతారిణి అమ్మవార్ల కొండకి వెళ్ళొచ్చాం. నా పిక్కలు ఇంకా పట్టేసే ఉన్నాయి, మావాడి గుండు మీద గంధం ఇంకా పూర్తిగా పోలేదు, ఆ వేడిలోనే రాసేస్తున్నాను.

మొక్కు మాది కాదు, మామ్మది. వాడు నెలలు నిండకుండా పుట్టి పదకొండు రోజులు గాజు పెట్టెలో ఉన్నప్పుడు, పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టింది. "మెట్లెక్కించి పుట్టువెంట్రుకలు ఇప్పిస్తాను తల్లీ" అంది. ఎక్కేది ఎవరో మాత్రం చెప్పలేదు, అప్పటికే ఆవిడకి తొంభై రెండు! వాడికి ఏడాది నిండకముందే వెళ్ళిపోయింది. ఏటిసూతకం తీరి, సంవత్సరీకం అయ్యి, మంచి రోజు చూసుకునేసరికి వాడికి మూడో ఏడు.

మామ్మ 1931లో బరంపురంలోనే పుట్టింది. అప్పుడు ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది, 1936లో ఒరిస్సాలో కలిసింది. "నేను గుమ్మం దాటలేదురా, రాష్ట్రమే మారిపోయింది" అని బోసినోటితో ఒకటే నవ్వు, వీధి చివరికి వినపడేది. రెండేళ్ళకోసారి మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాతర వచ్చిందంటే ఆవిడని అరుగు మీంచి లేపడం ఎవరి తరమూ కాదు. పులి వేషం వాడికి పది రూపాయలిచ్చి మళ్ళీ ఆడించేది. పేకాటలో అయితే మనవలని కూడా చూడకుండా దొంగాట ఆడేది.

సరే, కొండ. చైత్రమాసం మంగళవారం ఆ జనం గురించి చెప్పడం కూడా దండగ. రోప్‌వే దగ్గర లైను చూసి మా ఆవిడ నీరుగారిపోయింది. నాకు ఎలాగూ మెట్లే, 999. మావాడు నలభై మెట్లెక్కి చేతులు చాపేశాడు, ఇక వాణ్ణి భుజాన వేసుకోవాల్సిందే. వెనకనించి తోపులాట, ఎవరి కొబ్బరికాయల సంచో నా వీపుకి గుచ్చుకుంటోంది, భక్తి సంగతేమో గానీ బూతులు నోటిదాకా వచ్చాయి. సగం దాటాక సీసాలో నీళ్ళు అయిపోయి కళ్ళు తిరిగాయి. పక్కకి జరిగి కూలబడ్డాను.

అక్కడ ఒక ఒడియా ముసలావిడ, పక్కన స్టీలు క్యాను. నన్ను చూసి, మూతలోకి ఒంపి "తొరాణి" అంటూ అందించింది. పుల్లగా, ఉప్పగా, నిమ్మాకు వాసన. ఒక్క గుక్కతో మా వంటింటి మూల గుర్తొచ్చింది. మామ్మ అక్కడే, అన్నంలో నీళ్ళు పోసి పులవబెట్టే తరవాణి కుండ పెట్టుకునేది, పొద్దున్నే ఒక గ్లాసు తాగందే పేపరు ముట్టేది కాదు. తరవాణి, తొరాణి! పుట్టినప్పట్నించీ రెండు భాషల మధ్యే ఉన్నాను, ఈ రెండూ ఒకే మాటని నిన్నటిదాకా తట్టలేదు. ఆవిడ మావాడికీ రెండు మూతలు పట్టి, నెత్తిన చెయ్యి పెట్టింది. డబ్బులు తియ్యబోతే చేతి మీద ఒక్కటేసింది, అచ్చం మామ్మలాగే.

గుండు కొట్టించే చోట ఇంకో గంట. వాడి ఏడుపు, కత్తి పట్టినాయన తొందర, నా టెన్షన్. లోపల దర్శనం ఎంతసేపు? తోసేస్తుంటే రెండు నిమిషాలు కూడా లేదు. సింధూరం, వెండి, బంగారం, పెద్ద పెద్ద కళ్ళు. ఎవరు తార, ఎవరు తారిణి అని చిన్నప్పుడు అడిగితే "ఊరుకోరా, అక్కచెల్లెళ్ళకి తగువు పెట్టకు" అనేది మామ్మ. నిన్న కూడా తేల్చుకోలేదు. ముడుపు హుండీలో వేశాను, ఆ పసుపు గుడ్డ ముడి మామ్మ వేసినట్టే ఉంది, విప్పలేదు. బయటికొచ్చి కింద ఋషికుల్య నదిని చూస్తూ కాసేపు ఊరికే నిలబడ్డాను.

దిగేటప్పుడు వెతికితే ఆ ముసలావిడ కనిపించలేదు.

మామ్మ పోయాక ఆవిడ తరవాణి కుండని మేమే పెరట్లో పెట్టేశాం, చూస్తే అది పగిలిపోయి ఉంది. రాత్రి కొత్త కుండలో అన్నం, నీళ్ళు పోసి మూల పెట్టాను. పొద్దున్న చూస్తే ఇంకా పులవలేదు. అమ్మ మాత్రం వాసన చూసి, "రేపటికి చూడు" అంది.