ఒళ్లు హనుమకొండలో, నిద్ర డాలస్‌లో

సెలవులకి డాలస్ నుంచి హనుమకొండ, మా తల్లిగారింటికి వచ్చి పది రోజులైనా మా వాడి జెట్‌లాగ్ తగ్గలేదు. పద్నాలుగేళ్ల పిల్లాడు మధ్యాహ్నం రెండింటికి లేచి, కళ్లు నులుముకుంటూ అన్నం ముందు కూర్చునేవాడు. వాడి చెల్లెలు నాలుగో రోజుకే మామూలైపోయింది. అమెరికా పిల్లలు కదా అని ఇంట్లో అందరూ సర్దుకుపోయారు, మా అమ్మ తప్ప. ఆమె నాలుగింటికే లేచి వాకిట్లో చాన్పి చల్లుతుంది.

"పొల్లగాడు లేస్తలేడు, లేస్తలేడు అంటరు. పండుకుంటె గదా లేచేది! అర్ర తలుపు కిందికెల్లి రోజూ ఫోన్ ఎలుగు కనవడ్తనే ఉన్నది" అంది.

వేసవిలో డాలస్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి రెండంటే అక్కడ మధ్యాహ్నం మూడున్నర. వాడి దోస్తులంతా ఫోన్లో ఆటకు కూర్చునే వేళ.

ఆ రాత్రి నేను చేసింది తెలివైన పనేం కాదు. వైఫై డబ్బా వైరు పీకి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. తెల్లారేసరికి వాడు వాళ్ల మామ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ సంపాదించాడు. అదీ ఆపించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏడాది పొడుగునా వీడియో కాల్‌లో అమ్మమ్మను అడిగే సర్వపిండి కంచంలో చల్లారిపోయింది. రామప్పకు పోదామంటే గోడవైపు తిరిగాడు. గంటలు లెక్కపెట్టినప్పుడు కోపమొచ్చింది కానీ, భయం ఇప్పుడే వేసింది.

మా వదిన తనకు తెలిసిన సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. రోజుకి ఎన్ని గంటలు అని ఆమె ముందు అడగలేదు. నిద్ర, తిండి, చదువు, స్నేహాలు, వీటిలో ఏది దెబ్బతిందని అడిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ ఉంది, ఆ జాబితా 2022 నుంచి అమల్లోకి వచ్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు ఉంటేనే ఆ మాట వాడతారట. "పది రోజుల గొడవకి ఆ పేరు అంటించకండి. అలాగని చూసీ చూడనట్టు వదలకండి" అంది. చేయి దాటిందనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చని, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక క్లినిక్కే ఉందని కూడా చెప్పింది.

ఇంటికొచ్చాక డాబా మీద కూర్చుని, తిట్టకుండా, ఎందుకని అడిగాను.

"ఇక్కడ నాకెవరున్నారు? మీరందరూ నవ్వుకుంటారు. నాకు సగమే అర్థమవుతుంది." కాసేపాగి, "డాలస్‌లో నువ్వు చేసేదే నేనిక్కడ చేస్తున్నా. డిన్నర్ దగ్గర కూడా నువ్వు అమ్మమ్మ వాళ్ల గ్రూప్‌లోనే కదా ఉంటావ్" అన్నాడు.

పెద్దవాళ్లతో పోలికేంట్రా అనబోయాను. రాత్రి నా ఫోన్‌లో స్క్రీన్ టైమ్ తీసి చూస్తే రోజుకి నాలుగు గంటలకు పైనే ఉంది. భద్రకాళి చెరువు నిండిన వీడియో ఒకటే నాలుగు గ్రూపుల్లో నాలుగుసార్లు చూసిన రకం నేను. ఊరి మీద ప్రేమ అని దానికి పేరు పెట్టుకున్నాను.

నిమిషాల లెక్కతో మా ఇంట్లో ఎప్పుడూ రభసే. ఆట మధ్యలో వదిలేస్తే టీమ్ మొత్తం ఓడిపోతుంది, అందుకే "ఇంకో పది నిమిషాలు" ఎప్పటికీ అయిపోదు. ఈసారి మ్యాచ్‌ల లెక్క పెట్టుకున్నాం. వాడే దోస్తులతో మాట్లాడి వేళ మార్చాడు: మనకి పొద్దున ఏడున్నర, వాళ్లకి రాత్రి తొమ్మిది. మూడు మ్యాచ్‌లు. రాత్రి పదికి ఇద్దరి ఫోన్లూ అమ్మ దేవుని అర్రలో చార్జింగ్‌కి.

మూడో రాత్రి నిద్ర పట్టక మెల్లగా లేచి ఆ అర్రలోకి పోయాను. ఒక్కసారి చూసి పెట్టేద్దామని.

"ఏం బిడ్డా, నీకు గూడ మ్యాచున్నదా?" అంది చీకట్లోంచి అమ్మ.

ఫోన్ పోయిన చోట ఇంకేదైనా దానంతటదే వచ్చి కూర్చోదు. వాడు రెండు రోజులు ఫ్యాన్ వంక చూస్తూ గడిపాడు. బోర్ అంటే బోర్. అమ్మే అరుగు మీద సుద్దముక్కతో పచ్చీస్ గీసి గవ్వలు తెచ్చింది. మొదట మర్యాదకి కూర్చున్నాడు. వాడి కాయ పండబోయే ముందు అమ్మ దాన్ని కొట్టేసింది, అది కూడా నవ్వుతూ. ఆ సాయంత్రం లైట్ వేసుకుని మరీ ఆడారు. తెలుగు సగం అర్థమైనా పచ్చీస్‌లో పోట్లాటకి సరిపోతుంది.

డాలస్ వచ్చాక అంతా సవ్యంగా లేదు. ఫోన్లకి సకినాల డబ్బా ఒకటి పెట్టాం, కొన్ని రాత్రులు అందులో వాడిదుంటుంది, నాది ఉండదు. శనివారం రాత్రి మాత్రం అమ్మ వీడియోలో పచ్చీస్ పరుస్తుంది. వీడి గవ్వలు కూడా ఆమే వేసి, వీడి కాయలు ఆమే జరుపుతుంది. "అమ్మమ్మా, చీటింగ్!" అని వీడు అరుస్తాడు. పోయిన వారం గంటన్నర ఆడారు. అది స్క్రీన్ టైమ్‌లో కలపాలా వద్దా అన్నది మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు.