టెక్సోమాలో చారల చేప కోసం మూడు శనివారాలు

మాది కోనసీమ, ప్రస్తుతం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మా అక్కావాళ్ళూ దగ్గర్లోనే ఉంటారు. పోయినేడు బావ ఒక సెకండ్ హ్యాండ్ బోటు కొన్నాడు. ఇక ఎండాకాలం మొత్తం ఒకటే ధ్యాస, టెక్సోమా లేక్‌లో స్ట్రైపర్ పట్టాలి అని. జూలైలో వరసగా రెండు శనివారాలు వెళ్ళి ఖాళీ ఐస్ బాక్స్‌తో తిరిగొచ్చి, మూడో శనివారం పట్టుకొచ్చాం. ఆ మూడు వారాల సంగతే ఇది.

తెలియనివాళ్ళ కోసం ముందు చేప గురించి చెప్తాను. స్ట్రైపర్ అంటే స్ట్రైప్డ్ బాస్. వెండి రంగు ఒళ్ళు, తల దగ్గర్నుంచి తోక దాకా గీత గీసినట్టు నల్లటి చారలు. అసలు ఇది అట్లాంటిక్ తీరంలో ఉండే సముద్రం చేప, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురీదుతుంది, మన పులస లాగే. 1944లో రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ కట్టాక వచ్చిన రిజర్వాయరే టెక్సోమా. ఒక ఒడ్డున టెక్సాస్, ఇంకో ఒడ్డున ఓక్లహామా. 1960ల్లో, 70ల్లో ఇందులో స్ట్రైపర్ పిల్లల్ని వదిలారు. చాలా రిజర్వాయర్లలో ఏటా పిల్లల్ని తెచ్చి వదలాల్సిందే, ఎందుకంటే దీని గుడ్లు పొదిగేదాకా ప్రవాహంలో తేలుతూ ఉండాలి, నిలవ నీటిలో అడుగుకి చేరితే చచ్చిపోతాయి. ఇక్కడ మాత్రం రెడ్ రివర్, వాషిటా నదుల్లో వాటికి కావలసినంత పారే నీరు ఉంది కాబట్టి వాటంతటవే పెరుగుతున్నాయి. వానలు పడ్డప్పుడు ఆ రెడ్ రివర్ నీళ్ళు చూస్తే నాకు గోదారి ఎర్రనీరే గుర్తొస్తుంది.

మొదటి శనివారం మా లెక్క సింపుల్. పైన నీళ్ళు కాగుతున్నాయి, నీళ్ళ కింద ఏముందో స్క్రీన్ మీద చూపించే ఫిష్ ఫైండర్‌లో 86 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఉంది, స్ట్రైపర్‌కి చల్లదనం కావాలి, కాబట్టి ఎంత లోతుకి వెళ్తే అంత మంచిది అనుకున్నాం. డ్యామ్ వైపు వెళ్ళి 70 అడుగుల లోతులో ఎర దించి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఒక్కటి కూడా తగల్లేదు. రెండో శనివారం చోటు మార్చాం గానీ లోతు మార్చలేదు. ఆ రోజే ఒకటి గమనించాను. ఎరగా వాడే షాడ్ అనే చిన్న చేపని బతికుండగానే గాలానికి గుచ్చి దించితే పావుగంటలో చచ్చి పైకొస్తోంది. కొరికిన గుర్తు లేదు, పొలుసు కూడా ఊడలేదు, నోరు తెరుచుకుని ఉంది అంతే. గాలం గుచ్చడంలో తేడా ఏమో అనుకుని మూడుసార్లు మార్చి చూశాను, మూడూ అలాగే వచ్చాయి.

ఇంటికొచ్చి చదివితే అర్థమైంది. ఎండాకాలంలో లేక్ నీళ్ళు పొరలుగా విడిపోతాయి. పైన వేడి నీరు, కింద చల్లటి నీరు, రెంటికీ మధ్య పలచటి పొర, దాన్ని థర్మోక్లైన్ అంటారు. పైదీ కిందదీ కలవవు, కాబట్టి గాలి తగలని కింది నీళ్ళలో కుళ్ళే ఆకూ అలమూ ఉన్న ఆక్సిజన్ కాస్తా తాగేస్తాయి. అంటే అడుగున చల్లగానే ఉంటుంది గానీ ఊపిరి ఉండదు, పైన ఊపిరి ఉంటుంది గానీ ఉడికిపోతుంది. పెద్ద స్ట్రైపర్ ఈ రెంటి మధ్యా ఇరుక్కుని ఆ పొరకి కాస్త పైన సర్దుకుంటుంది. మేం రెండు వారాలు ఎర దించింది అసలు ఏ చేపా బతకని చోట. ఎండాకాలంలో చేప కోసం కాదు, ముందు అది బతికే నీళ్ళ కోసం వెతకాలన్నమాట.

మూడో శనివారం మూడున్నరకే బయల్దేరాం. ముందు షాడ్ పట్టాలి. ఇది పులసకి దూరపు చుట్టమే, అదే వెండి రంగు పొట్ట, కాకపోతే వేలెడంత. బోటు నీళ్ళలోకి దించే ర్యాంప్ దగ్గర, లైట్ వెలుగుతున్న చోట విసురువల వేశాను. చిన్నప్పుడు పాయలో నాన్న వేస్తుంటే చూడటమే తప్ప నా చేత్తో వేసింది తక్కువ. మొదటి రెండుసార్లు ముద్దలా పడింది. మూడోసారి విచ్చుకుంది, నలభై దాకా వచ్చాయి. షాడ్‌ని చేత్తో పట్టుకుంటే పొలుసు రాలి చచ్చిపోతుంది, అందుకే వల నుంచి నేరుగా తొట్టిలోకి దులపాలి. తొట్టి గుండ్రంగా ఉండాలి, మూలలుంటే అక్కడికి ముక్కులు పొడుచుకుని చేరతాయి. నీళ్ళలో గుప్పెడు రాళ్ళ ఉప్పు, గాలి కొట్టే పంపు కూడా తప్పనిసరి.

తెల్లవారుతుండగా ఫిష్ ఫైండర్ సెన్సిటివిటీ పెంచుకుంటూ పోతే, 45 అడుగుల దగ్గర స్క్రీన్ అడ్డంగా పొగ లాంటి సన్నటి గీత కనిపించింది. అదే థర్మోక్లైన్. గీత కింద అంతా ఖాళీ. దాని పైన పాత నది ఒడ్డు అంచున, 35 నుంచి 40 అడుగుల మధ్య, వంపు తిరిగిన గుర్తులు గుంపుగా ఉన్నాయి.

"ఆపు బావా, ఇక్కడే!"

"గట్టిగా అరవకురా, ముందు ఎర దించు."

38 అడుగులకి దించాను. మొన లోపలికి వంగి ఉండే సర్కిల్ హుక్ వాడాం, షాడ్ ముక్కు రంధ్రాల గుండా గుచ్చి. ఈ గాలంతో ఒక్క విషయం గుర్తుంచుకోవాలి, చేప లాగగానే మనం ఎదురు గుంజకూడదు. రాడ్ వంగి నీళ్ళకి తగిలేదాకా ఆగి రీలు తిప్పడం మొదలుపెడితే పెదవి మూలలో దానంతటదే పడుతుంది. నేను అలవాటు కొద్దీ గుంజి మొదటి రెండూ పోగొట్టుకున్నాను. మూడోది వచ్చింది, 21 అంగుళాలు. చేతిలో పట్టుకుంటే వెన్ను మీద ముల్లు రెక్క నిక్కబొడుచుకుని ఉంది, చారలు ఎండకి ఊదారంగులో మెరిసి క్షణాల్లో మసకబారాయి. ఏడున్నర ప్రాంతంలో కాస్త దూరంగా నీళ్ళు ఎసరు మరిగినట్టు తెర్లాయి, గుంపు షాడ్‌ని పైకి తరుముకొచ్చింది. బోటు ఆ మధ్యలోకి తోలితే చేపలు బెదిరి కిందికి పోతాయి, అందుకని గాలి వచ్చే వైపున ఇంజన్ ఆపేసి, కొట్టుకుపోతూ దూరం నుంచే స్లాబ్ అనే సీసపు ఉత్తుత్తి ఎర విసిరాం. చిన్నవి అయిదు పడ్డాయి.

రూల్ ఏంటంటే మనిషికి రోజుకి పది, అందులో 20 అంగుళాలు, ఆ పైన ఉన్నవి రెండే. లైసెన్సు 12 డాలర్లది, టెక్సోమాకి ప్రత్యేకం, అది ఉంటే రెండు రాష్ట్రాల వైపూ పట్టుకోవచ్చు. పెద్దవి నాకు రెండూ అయిపోయాక ఇంకోటి పడింది. కొలిస్తే 23. వదలాలి. వదిలితే వెల్లకిలా తేలింది. లోతు నుంచి వేడి నీళ్ళలోకి లాగిన చేప చాలాసార్లు కోలుకోదు. దవడ పట్టుకుని నిలబెట్టి, మొప్పల్లోకి నీళ్ళు వెళ్ళేలా బోటు పక్కన పది నిమిషాలు ముందుకి నడిపించాను. ఆఖరికి తోక ఒకసారి ఆడించి కిందికి జారింది. బతికిందని మాత్రం గట్టిగా చెప్పలేను. అది చాలాసేపు మనసులో మెదిలింది. "ఇంక చాలు, గాలాలు తీసెయ్ రా" అన్నాడు బావ. అప్పటికి తొమ్మిది కూడా కాలేదు, బాక్స్‌లో ఎనిమిది ఉన్నాయి, ఇంకా పట్టుకోవచ్చు. కానీ చిన్నదే పడాలని చేపకి చెప్పలేం కదా, తీసేశాం.

ర్యాంప్ దగ్గర బోటులో చుక్క లేకుండా నీళ్ళు వంపేశాం, షాడ్ తొట్టితో సహా. 2009 నుంచి ఇక్కడ జీబ్రా మసెల్స్ అనే చిన్న చారల ఆల్చిప్పలు ఉన్నాయి, ఆ నీళ్ళతో ఇంకో చెరువుకి పాకుతాయి.

కోసేటప్పుడు పక్క గీత వెంబడి ముదురు ఎరుపు కండ ఉంటుంది, అది తీసేస్తే నీచు వాసన ఉండదు. అక్క మామిడికాయ వేసి పులుసు పెట్టింది. అమ్మానాన్నలకి వీడియో కాల్ చేసి చేపల్ని చూపించాను. ముళ్ళు ఎక్కువా అని అమ్మ అడిగింది. నాన్న చేపల గురించి ఏమీ అడగలేదు. "వల గుండ్రంగా పడిందా?" అన్నారు.

"మూడోసారి పడింది నాన్నా."