గోనియోమీటర్ ఎవరి చేతిలో ఉంది?

బుధవారం రాత్రి, జయనగర్, బెంగళూరు

హిందూపురం నుంచి అక్క ఫోన్ చేసింది. పాప బైపీసీ అయిపోయింది, ఫిజియోథెరపీ చదువుతానంటోంది. ఇక్కడ రెండు కాలేజీలు అనుకున్నారు. ఒకదాని బిల్డింగ్ బాగుందట, ఇంకోదాంట్లో ఫీజు తక్కువట. ఫోన్లో సగం కూడా చెప్పలేకపోయాను. మిగతాది మర్చిపోకుండా రాసుకుంటున్నా.

బిల్డింగ్ కాదు, ఓపీ, అంటే బయటి పేషెంట్లని చూసే విభాగం చూడాలి. పొద్దున పదింటికి కాలేజీ ఆసుపత్రిలో ఫిజియో గది ముందు ఒక గంట కూర్చుంటే చాలు. పేషెంట్లు ఎందరొస్తున్నారు? గోనియోమీటర్, అంటే కీలు ఎంత వంగుతోందో కొలిచే రెండు పట్టీల పరికరం, స్టూడెంట్ చేతిలో ఉందా, బీరువాలో ఉందా? మోకాలు ఎంత వంగుతోందో కొలిచేటప్పుడు దాని ఇరుసు మోకాలి బయటివైపు ఎముక గుబ్బ మీద ఆనాలి. కదలని పట్టీ తుంటి దగ్గరి గుబ్బకేసి, కదిలే పట్టీ చీలమండకేసి ఉండాలి. ఇరుసు కాస్త జరిగిందా, కాలు ఏమీ మెరుగవకుండానే చార్టులో మెరుగైనట్టు పడుతుంది. వేలితో ఆ గుబ్బని వెతికి పట్టుకోవడం బొమ్మలు చూస్తే రాదు. వాచిన మోకాళ్లు, లావుపాటి మోకాళ్లు ఎన్నో పట్టుకుంటేనే వస్తుంది.

నొప్పికి ఇచ్చే అల్ట్రాసౌండ్ (స్కానింగ్ కాదు) కూడా అంతే. 1 మెగాహెర్ట్జ్ లోతుకి, 3 పైపైకి అని అందరూ చెబుతారు. జెల్ తక్కువైతే మధ్యలో గాలి చేరి తరంగాలు వెనక్కి కొడతాయనీ, ఒంటి మీద తిప్పే హెడ్ ఒకేచోట ఆపితే ఎముక పైపొర వేడెక్కి సలుపుతుందనీ చెయ్యి పెట్టి చేసినవాళ్లకే గుర్తుంటుంది.

ఫిజియోథెరపీ డిగ్రీ ఇదివరకు నాలుగేళ్లు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. కొత్త జాతీయ సిలబస్‌లో ఇంటర్న్‌షిప్పే ఏడాది, మొత్తం ఐదేళ్లు. అందుకని ఫీజు మొదటి ఏడాదిది కాదు, అన్నేళ్లదీ కాగితం మీద రాయించుకోవాలి. ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఇస్తారా, ఎదురు కట్టించుకుంటారా అనేది సీనియర్లని విడిగా అడగాలి. కాలేజీ కర్ణాటకలోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం గుర్తింపు జాబితాలో ఉందో లేదో ముందే చూడాలి.

చదివిన ఏళ్లకి మొదటి జీతం తక్కువే. అక్కకి అది దాచకూడదు. పక్షవాతం వచ్చినవాళ్లని రోజంతా లేపి నిలబెట్టాలి, నడుం జాగ్రత్త తెలియకపోతే మనమే మంచం పడతాం. అయినా మంచానికి అతుక్కున్న మనిషి రెండు కాళ్ల మీద నిలబడిన ఆ క్షణం ఇంకే పనిలో దొరుకుతుంది?

ఇంకొకటి, భాష. కన్నడంలో 'మండి' అంటే మోకాలు, మంటని 'ఉరి' అంటారు. మనవాళ్లు 'మండి నోవు' (మోకాలి నొప్పి) విని మంట అనుకుంటారు. మంట అనుకుంటే నరం పరీక్షల వైపు వెళ్లిపోతారు, అరిగిన మోకాలు అలాగే ఉండిపోతుంది. పాప ఇప్పటినుంచే కన్నడం మొదలుపెట్టాలి.

శనివారం పాపని తీసుకుని రమ్మన్నాను. పదింటికల్లా రెండో కాలేజీ ఓపీ దగ్గర ఉండాలి.